నెలలు నిండని శిశువు: తూనిక, వారముల లెక్క

(మధురానగర్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పల్లెలనుండి హైదరాబాదునకు వచ్చినవారిని ఈ వైపున ఏమి చూచెదరని అడిగినచో జూబ్లీహిల్సు, ఫిలింనగరుల పేర్లే ముందు వచ్చును. సినిమా తారల ఇండ్ల గేట్లు చూచి పోవుట వాడుకైనది. అందులో తప్పేమియు లేదు. అయితే మనము కూర్చున్న ఈ మధురానగర్ ప్రాంతముననే స్త్రీ శిశు సంక్షేమ శాఖవారి శిశువిహార్ కలదు. తల్లిదండ్రులు లేని పసికందులను, తల్లిదండ్రులు విడిచిన పసికందులను అచట పెంచుచున్నారు. మన నేటి విషయమును అట్టి ఒక పసికందుతో ప్రారంభించుట మేలని మాకు తోచినది.

ఎవరో వదలిపెట్టిన అప్పుడే పుట్టిన శిశువు ఒకటి దొరికినదనుకొనుడు. తూచగా 1,800 గ్రాములున్నది. పుట్టుకలో 2,500 గ్రాములకు తక్కువ ఉన్న శిశువును తక్కువ బరువు శిశువనుట లోకమంతట ఒప్పిన లెక్క. కావున ఇది చిన్న బిడ్డయే. కాని ఎందువలన చిన్నది? నెలలు నిండకముందే పుట్టుటచేతనా, లేక నెలలు నిండియు గర్భములో చాలినంత పెరగకపోవుటచేతనా? చెప్పగల తల్లి దగ్గర లేదు.

ఈ ప్రశ్న చాలకాలము వైద్యులకును స్పష్టముగా తోచలేదు. 2,500 గ్రాములలోపు పుట్టిన ప్రతి శిశువును నెలలు నిండనిదనియే వ్రాసెడివారు. 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘము ఈ రెంటిని విడదీసినది. 37 వారములు నిండకముందు పుట్టినదే నెలలు నిండని శిశువు. బరువు తక్కువగుట మరియొక సంగతి. 1963లో అమెరికాలోని డెన్వరు నగరమున లూలా లుబ్చెన్కో అను వైద్యురాలు, ఎన్ని వారములకు పుట్టిన బిడ్డ ఎంత బరువుండునో చూపు పటమును ప్రకటించినది. నేడు ఆసుపత్రులలో వాడు గ్రోత్ చార్టులకు అది పెద్దక్క వంటిది. డెన్వరు సముద్రమట్టమునకు దాదాపు ఒక మైలు ఎత్తున ఉన్నది. అంత ఎత్తున పుట్టు బిడ్డలు కొంత తేలికగా ఉందురు. ఆ పటము అన్ని దేశములకు సరిపడదని తరువాతివారు వేరు పటములు తయారుచేసిరి.

పటమును చదువుట కష్టమేమియు కాదు. అడుగున వారములు, ప్రక్కన బరువు ఉండును. ఒకే వారమున పుట్టిన నూరుగురు శిశువులను బరువు చొప్పున వరుసగా పరుండబెట్టితిమనుకొనుడు. నడుమనున్న బిడ్డ బరువును అన్ని వారములకు కలిపినచో మధ్య గీత. తేలికవారి వైపునుండి పదవ బిడ్డ బరువును అట్లే కలిపినచో పదవ గీత. ఆ గీతకు దిగువ పడిన శిశువు తన వారములకు తగినంత పెరగలేదేమోయని వైద్యులు జాగ్రత్తపడుదురు. తలచుట్టు కొలతకును, పొడవునకును ఇట్టి గీతలే కలవు.

ఇప్పుడు మన 1,800 గ్రాముల బిడ్డను చూడుడు. అది 32 వారములకు పుట్టినదైనచో దాదాపు మధ్య గీత దగ్గరనే నిలుచును. ఆ వయస్సునకు అది ఉండవలసినంతయే ఉన్నది. దాని చిక్కు వేరు: ఊపిరితిత్తులు పక్వము కాలేదు, చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట మూడును కలిసి చేయు నేర్పు సాధారణముగా 34 వారముల ప్రాంతమున గాని రాదు, ఒంటి వేడి నిలువదు. అదే బిడ్డ 38 వారములకు పుట్టినదైనచో పదవ గీతకు ఎంతో దిగువ పడును. అప్పుడు రక్తములో చక్కెర పడిపోవునేమోయని చూడవలెను. తల్లికి రక్తపుపోటు ఉండెనా, రక్తహీనత ఉండెనా, పొగాకు అలవాటు ఉండెనా యని విచారింపవలెను. తూనిక ఒక్కటే, వైద్యము రెండు తెరగులు.

ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదని మన పెద్దలలో ఒక మాట కలదు. ఇది ముమ్మాటికి సరికాదు. గర్భములో గడచు ప్రతి వారము శిశువునకు బలమే. ఈ మాట నమ్మి ఎనిమిదవ నెల బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుటలో ఆలస్యము చేసినచో, చేజేతుల చేసిన నష్టమగును.

తల్లి లేని శిశువు వారములను ఎట్లు తెలిసికొందురని మీరు అడుగవచ్చును. దాని దేహమే కొంత చెప్పును. అరికాలి గీతలు, చెవి మడచినపుడు తిరిగి లేచు తీరు, చర్మపు పలుచదనము, ఒంటిమీది నూగు, కాలుసేతులు ముడుచుకొను బిగువు చూచి వైద్యులు అంకెలు వేయుదురు. బాలార్డు అను వైద్యురాలి పేర ఈ పద్ధతి ప్రసిద్ధము. కాని అందులో రెండు వారముల అటునిటు తేడా రావచ్చును. రెండు వారములు జరిగినచో పటముమీద బిడ్డ స్థానమే మారిపోవును.

మీ గ్రామములో ఆ చిక్కు ఉండనక్కరలేదు. తల్లి మీ ఎదుటనే ఉన్నది. చివరి ముట్టు మొదటి దినమునుండి 280 దినములు, అనగా 40 వారములు, కాన్పు లెక్క. ఆ తేదీ మాతా శిశు సంరక్షణ కార్డుపై వ్రాయబడినదా? ఐదవ నెలలోనో ఆరవ నెలలోనో పేరు నమోదైన తల్లి తేదీని ఉజ్జాయింపుగా చెప్పును. తేదీ గుర్తులేనివారికి పండుగలు గుర్తుండును. బతుకమ్మ ఆడిన దినములకు ముందా తరువాతనా, బోనములు ఎత్తిననాటికి ఎట్లుండెనని ఆశ కార్యకర్త మెల్లగా అడిగి తేదీ రాబట్టవచ్చును. మూడు నెలలలోపు చేయించిన స్కానింగు దీనికంటెను నమ్మదగినది. ఈ ఒక్క తేదీ లేనిచో ఎంత గొప్ప ఆసుపత్రిలోని పటమైనను సగము మూగదే.

ఇక బిడ్డ ఇంటికి వచ్చిన తరువాతి సంగతి. మేము ఎక్కువగా చెప్పదలచినది ఇదియే. అంగన్‌వాడీలో వాడు పటము 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాణములపై ఆధారపడినది. ఆ ప్రమాణములకు కొలిచిన ఆరు దేశముల బిడ్డలలో మన ఢిల్లీ బిడ్డలును కలరు. కాని వారు నెలలు నిండి పుట్టినవారు. 32 వారములకు పుట్టిన శిశువు ఎనిమిది వారములు ముందు వచ్చినది. పుట్టి 20 వారములైననాడు దానిని 20 వారముల గడిలో గుర్తించినచో గీతలకు దిగువ పడవచ్చును. ఎనిమిది తీసివేసి 12 వారముల గడిలో గుర్తించినచో చక్కగా పెరుగుచున్నట్లు కనబడవచ్చును. మొదటి లెక్క చూచి ఇంటిలో అత్తగారు, బయట పదిమంది, "నీ పాలు చాలుటలేదు" అని ఆ తల్లిని దెప్పుదురు. పాలు మాని డబ్బా పాలకు పోవుట ఇట్లే జరుగుచుండును. తప్పు పాలది కాదు, గడిది. రెండేండ్లు వచ్చువరకు ఈ తీసివేత పాటింపవలెను. టీకాలకు మాత్రము ఇది వర్తింపదు. అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించవలెను.

నెలలు నిండని శిశువులకే వేరు పటములును కలవు. ఎనిమిది దేశములలో శిశువులను కొలిచి తయారుచేసిన ఇంటర్‌గ్రోత్-21 పటములు 2014, 2015 సంవత్సరములలో వెలువడినవి. అందులో భారతదేశపు తావు మన పొరుగున ఉన్న నాగపూరు. గర్భములోని వారములను, పుట్టిన తరువాతి వారములను కలిపి 64 వచ్చువరకు ఆ పటము, తరువాత అంగన్‌వాడీ పటము వాడవచ్చును. ఆసుపత్రినుండి పంపునపుడు ఏ పటముపై ఏ చుక్క పెట్టిరో ఆ కాగితమును తల్లి భద్రపరచునట్లు చూడుడు.

మొదటి దినములలో బరువు కొంత తగ్గుట సహజము. సాధారణముగా రెండు వారములకు తిరిగి వచ్చును. ఆ తగ్గుదలకు జడిసి తేనె, చక్కెర నీళ్లు నాకించరాదు. ఆసుపత్రి కాన్పు అయినచో ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి రావలెను. వచ్చినదా, తూచినదా యని సభ్యులు విచారించుట జోక్యము కాదు, బాధ్యత.

తూనిక యంత్రము మాట చెప్పి విరమింతుము. 1,500 గ్రాముల శిశువు బాగుగా పెరుగుచున్నపుడు దినమునకు 20 గ్రాములకు పైగా హెచ్చును. 100 గ్రాములకొక గీత ఉన్న వ్రేలాడు తక్కెడలో నాలుగు దినముల పెరుగుదల కంటికి ఆనదు. 10 గ్రాముల వరకు చూపు యంత్రము కావలెను. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ సంఘములో మీరును ఉన్నారు. రాబోవు సమావేశమునకు సీలు తీయని కిలో ఉప్పు పొట్లమొకటి తీసికొనిపోయి, మీ అంగన్‌వాడీ యంత్రముపై పెట్టి, అది ఎంత చూపునో చూడుడు. పొట్లపు బరువుతో కలిపి వేయి గ్రాములకు దగ్గరగా చూపినచో యంత్రము మంచిదే. తొమ్మిది వందలో, పదకొండు వందలో చూపినచో, ఆ యంత్రముపై తూచిన శిశువులందరిని బాగుచేసిన యంత్రముపై మరల తూపించుడు.