సెటిల్మెంట్: ఒకే మాట, ఎన్ని అర్థాలు!
(ఆదోనిలో మాట్లాడిన మాటల పాఠం)



మన ఆదోని, ఎమ్మిగనూరు పక్క బడి మొకం చూడనోళ్ల నోట్లో కూడా నలిగే ఇంగ్లీషు మాట ఒకటుంది. సెటిల్మెంట్. "మీవోడు సెటిల్ అయినాడా?" అంటే ఉద్యోగం వచ్చిందా అని. పత్తి సేటు "రేపు సెటిల్ చేస్తా" అంటే లెక్క తేల్చి డబ్బులిస్తానని. వినేదానికి మంచి మాటే. కానీ మన ఎరుకల, సుగాలీ జనం మీద ఆ మాట ఎట్ల పడిందో చూడండి.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 దాకా ఉండి, భూములు కొలిపించి ఎవరి మీద ఎంత శిస్తో తేల్చినాడు. దాని పేరు సెటిల్మెంటే. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటా ఊరూరు తిరిగే మనోళ్లకు ఆ లెక్కల్లో భూమి ఎక్కడిది?

1871లో మద్రాసు, బొంబాయి రైలు దారులు ఆదోని అవతల రాయచూరులో కలిసినాయి. ఉప్పు రైలెక్కింది, మన బేరం పడిపోయింది. అదే ఏడు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. తిరిగేటోళ్లను పట్టి ఉంచే చోటుకు కూడా సెటిల్మెంట్ అనే పేరు పెట్టినారు. స్టూవర్టుపురం, కప్పరాళ్లతిప్ప, పాత కర్నూలు జిల్లాలో సిద్ధాపురం అట్లాంటివే. హాజరు పలకాల, పాసు లేనిదే గడప దాటకూడదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మాట పోలేదు.

ఇప్పుడు సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోతాము. ఆఖర్న మేస్త్రీ అడ్వాన్సు పట్టుకొని చేసేది సెటిల్మెంట్. మనోడిని కులం పేరుతో తిట్టి కొడితే, "కేసెందుకప్పా, సెటిల్మెంట్ చేసుకోండి" అంటారు పెద్దమనుషులు.

వినండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో 2018లో చేర్చిన 18ఏ ప్రకారం, ఎఫ్ఐఆర్ కట్టేదానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. కావాలని కేసు కట్టని అధికారి, ఎస్సీ ఎస్టీ కానోడైతే, 4వ సెక్షన్ కింద 6 నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది.

అందుకే ఎవరన్నా సెటిల్మెంట్ అంటే రెండే అడగండి: తేల్చింది ఎవరు? కాగితం ఏది? మనకు కావాల్సిన సెటిల్మెంట్ ఒకటే. మన పేరున ఇంటి పట్టా, చేసిన పనికి పూర్తి కూలి, కొట్టినోడి మీద కేసు.