పడకపుండ్లు – మన కర్తవ్యము



మనము ఆసుపత్రులకేగి రోగులకు పండ్లు పంచుచున్నాము, మంచిదే. కాని కదలలేని రోగికి అంతకంటె ముఖ్యముగా కావలసినది ప్రక్కకు త్రిప్పు చేయి. ఒకే తీరున పరుండియున్నచో ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, నెత్తురాడక, నడుము క్రిందను, తుంటియందును, మడమలయందును పుండు పడును.

ఎఱ్ఱబారిన చోట వ్రేలితో నొక్కి చూడుడు. తెల్లబడకున్నచో నదియే తొలి హెచ్చరిక. నల్లని మేనిపై ఎఱుపు కానరాకపోవచ్చును. వేడిమిని, గట్టిదనమును తాకి తెలిసికొనవలెను. అచ్చట మర్దనము కూడదు. పుండు పడినచో దానిపై ఒత్తిడి తొలగించి, వెంటనే వైద్యునకు చూపవలెను.

1962లో ఇంగ్లండు దేశపు నర్సు డోరీన్ నార్టన్ సహచరులతో ప్రకటించిన పరిశోధనము, పూతమందులకంటె తఱచుగా ప్రక్క మార్చుటయే మేలని చూపినది. సామాన్యముగా 2 గంటల కొకసారి మార్చుట వాడుక.

దాతలారా! గాలిపరుపుల నొసంగుడు, ఒత్తిడి తగ్గును. కాని పరుపు రోగిని ప్రక్కకు త్రిప్పజాలదు. యువకులారా! రేయింబవళ్లు మేల్కొని అలసిన రోగిబంధువునకు బదులుగా, నర్సు చూపిన రీతిని, మీరొక రాత్రి కూర్చుండుడు. అదియే నిజమైన కులసేవ.