గిటారు, డ్రమ్ము, ఒక పాత ఋణము

పాటకు ఎందఱు కావలయునను ప్రశ్నకు ఒక్కొక్క దేశము ఒక్కొక్క సమాధానము చెప్పినది. పాశ్చాత్యుల సింఫనీకి నూరుమంది వాద్యకారులు కూర్చుందురు. మన బుఱ్ఱకథకునకు ఇరువురు వంతలు చాలుదురు. అమెరికాలోని బ్లూస్ గాయకులలో ఒక శాఖవారికి గిటారును డ్రమ్మును ఉన్నచో రాత్రి యంతయు గడచిపోవును. ఆ బాటను పట్టిన ఇరువురు యువకులను గూర్చియు, వారు 2021వ సంవత్సరము మే 14వ తేదీన వెలువరించిన ‘డెల్టా క్రీమ్’ అను ఆల్బమును గూర్చియు, దాని వెనుకనున్న పాత ఋణమును గూర్చియు మేము ఇపుడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

బ్లూస్ అనగా అమెరికా దక్షిణ రాష్ట్రములలో, బానిసత్వము తొలగిన పిమ్మట పత్తిచేలలో కూలికిని కౌలునకును పాటుపడిన నల్లజాతివారి నడుమ పుట్టిన గానము. దుఃఖము దాని పేరులోనే యున్నది. అయినను అది ఏడుపుపాట కాదు. దుఃఖమును నోరార చెప్పుకొని దానితోనే చిందులు త్రొక్కు పాట. సామాన్యముగా ఈ పాటలు పండ్రెండు తాళభాగముల చట్రములో నడచును. ఆ చట్రములో మూడు స్వరసముదాయములు వరుసగా మారుచుండును. మిసిసిపీ రాష్ట్రపు ఉత్తరభాగమున, హోలీ స్ప్రింగ్స్ పట్టణము చుట్టునున్న గుట్టల సీమవారు మాత్రము ఈ కట్టుబాటును అంతగా పాటింపలేదు. వారు తఱచుగా ఒకే స్వరసముదాయమును పట్టుకొని, దానిమీదనే పాటను ఎంతసేపైనను సాగింతురు. తంబుర శ్రుతి ఎఱిగిన మనకు ఈ పద్ధతి బోధపడుట కష్టము కాదు. అయితే ఇక్కడ ఆ శ్రుతిని నిలుపుటకు వేఱొక వాద్యము అక్కఱలేదు. గాయకుని బొటనవ్రేలు మంద్రపు తంత్రులను విడువక మీటుచుండగా, తక్కిన వ్రేళ్లు పాటవరుసను పలికించును. నృత్యమునకు కావలసిన నడకను డ్రమ్ము చూచుకొనును. కనుకనే ఇరువురున్నను లోటు తెలియదు.

ఈ గుట్టల గానమునకు పెద్దలుగా మువ్వురిని చెప్పుకొనవచ్చును. మొదటివాడు ఫ్రెడ్ మెక్‌డొవెల్. సేద్యము చేసికొని బ్రదికిన మనిషి. 1959లో జానపదగేయ సంగ్రాహకుడగు ఆలన్ లోమాక్స్ కోమో అను ఊరిలో ఆయన పాటను టేపుమీది కెక్కించువఱకు ఆయన పేరు బయటివారికి తెలియదు. ఆయనవద్ద నేర్చినవాడు ఆర్. ఎల్. బర్న్‌సైడ్ (1926–2005). మూడవవాడు జూనియర్ కింబ్రో (1930–1998). కింబ్రో మొదటి ఆల్బము 1992లో వెలువడెను. అప్పటికి ఆయనకు అఱువదియేండ్లు దాటినవి. చులహోమా అనుచోట ఆయన నడపిన ఆటపాటల పాక దూరదేశములవారిని సైతము ఆకర్షించెను. ఆయన పోయిన తరువాత 2000వ సంవత్సరములో ఆ పాక కాలిపోయెను. బర్న్‌సైడ్ తన కడపటి యేండ్లలో వెంటబెట్టుకొని తిరిగిన బృందము గమనింపదగినది: తన గిటారు, కెన్నీ బ్రౌన్ గిటారు, మనుమడు సెడ్రిక్ డ్రమ్ము. అంతే. మంద్రవాద్యము లేదు.

ఇక మన ఇరువురి కథ. ఒహాయో రాష్ట్రమున ఆక్రన్ అను నగరము కలదు. మోటారు టైర్లకు అది ప్రసిద్ధి. అచ్చట ఇరుగుపొరుగున పెరిగిన డాన్ ఆవర్‌బాక్ గిటారు పట్టి పాడగా, పాట్రిక్ కార్నీ డ్రమ్ము వాయించును. 2001లో వీరు ‘బ్లాక్ కీస్’ అను పేరుతో జంటయైరి. ఇరువురును తెల్లజాతివారు, గుట్టల సీమకు పరాయివారు. అయినను 2002లో ఒక యింటి నేలమాళిగలో ధ్వనిముద్రణము చేసికొన్న తమ మొదటి ఆల్బములోనే కింబ్రో పాటయగు ‘డూ ద రంప్’ను పాడిరి. 2006లో ‘చులహోమా’ అను పేరుతో కింబ్రో పాటలను ఆఱింటిని ఒక చిన్న రికార్డుగా వెలువరించిరి. ఆ రికార్డు చివర వినవచ్చునది పాట కాదు. కింబ్రో భార్య టెలిఫోనులో విడిచిన సందేశము. భర్త పాటలను వారు పాడిన తీరును ఆమె అందులో మెచ్చుకొనినది.

ఈ మెప్పును మేము చిన్న విషయముగా నెంచము. బ్లూస్ చరిత్రలో పాట ఒకరిది, పేరు వేఱొకరిది యగుట పలుమాఱులు జరిగినది. 1969లో లెడ్ జెపెలిన్ అను ఆంగ్లేయ బృందము వెలువరించిన ‘హోల్ లాట్టా లవ్’ తన పాటనుండి వచ్చినదని విల్లీ డిక్సన్ అను బ్లూస్ రచయిత 1985లో వ్యాజ్యము తెచ్చెను. 1987లో అది రాజీతో ముగిసెను. పిమ్మట ఆ పాట కర్తలలో డిక్సన్ పేరును చేరినది. కోట్లమంది విన్న పాటకు కర్త పేరు చేరుటకు న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చెను. పొలములో పుట్టిన పాట పట్టణమునకు పోయినపుడు, దానిని పుట్టించినవాని పేరు దారిలోనే జాఱిపోవుట ఎంత సులభమో దీనివలన తెలియును.

‘డెల్టా క్రీమ్’ విలువ ఇక్కడనే యున్నది. ఇందులోని 11 పాటలలో ఒక్కటియు ఈ జంట వ్రాసినది కాదు. అయిదు కింబ్రోవి. తక్కినవానిలో బర్న్‌సైడ్, మెక్‌డొవెల్ మున్నగువారి పాటలున్నవి. 2019 డిసెంబరులో నాష్‌విల్ నగరమందలి ఆవర్‌బాక్ స్టూడియోలో, ముందుగా అభ్యాసము లేకయే, రెండు మధ్యాహ్నములలో సుమారు పది గంటలలో వీనిని పాడి ముగించిరి. ఇందుకు వారు తమ ఇరువురితో సరిపెట్టుకొనక, బర్న్‌సైడ్ ప్రక్కన ఏండ్లతరబడి కూర్చున్న కెన్నీ బ్రౌన్‌ను, కింబ్రోతో వాయించిన ఎరిక్ డీటన్‌ను పిలిపించిరి. ఇరువురితోనే పేరు గాంచిన జంట గురువుల పాటలు పాడవలసివచ్చినపుడు ఆ గురువుల చేతిపాటవమును దగ్గఱనుండి చూచినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట ఉచితమైన పని. ఈ విద్య కాగితముమీద లేదు. చేతినుండి చేతికి వచ్చునది.

2002లో పాడిన కింబ్రో పాటయే ‘డూ ద రోంప్’ అను పేరుతో ఇందులోను ఉన్నది. రెండింటిని ప్రక్కప్రక్కన విన్నచో తేడా తెలియును. మొదటిది గరుకైన ధ్వనితో ముందుకు దూకు పడుచువాండ్ర పాట. రెండవదానిలో తొందర లేదు. లయ తనంత తానే నడచును, గిటారులు ఒకదానికొకటి చోటిచ్చుకొనును. అయితే ఆల్బములో ఒక కొఱత కలదని చెప్పక తప్పదు. కింబ్రో గొంతులో వినబడు గండ్రతనము, తెల్లవాఱువఱకు ఆడినవారి చెమటవాసన, స్టూడియో మధ్యాహ్నమునకు పూర్తిగా అబ్బలేదు. పాటలన్నియు ఒకే నడకలో సాగినట్లు కొందఱికి తోపవచ్చును. మూలమును వినవలెనను కోరిక ఇందువలననే కలుగుచున్నది. అదియు ఆల్బము చేసిన మేలే.

పేరు చెప్పినంత మాత్రమున ఋణము తీఱునా? తీఱదు. గుట్టల గానము గతించినవారి సొత్తు మాత్రమే కాదు. దాని వారసులు ఆ నేలమీదనే యున్నారు. తాతకు డ్రమ్ము వాయించిన సెడ్రిక్ బర్న్‌సైడ్ 2008లో లైట్నిన్ మాల్కమ్ అను గిటారు వాద్యకారునితో జంటగా ఒక ఆల్బము వెలువరించెను. ఇదియును గిటారు, డ్రమ్ముల జంటయే. 2022లో సంప్రదాయ బ్లూస్ ఆల్బమునకు ఇచ్చు గ్రామీ బహుమానము సెడ్రిక్‌ను వరించెను. ఆ యేటి గ్రామీలలోనే ఆధునిక బ్లూస్ విభాగమున ‘డెల్టా క్రీమ్’ పేరు పరిశీలనకు వచ్చినది గాని బహుమానము రాలేదు. ఇంటివానికి ఇంటి గౌరవము దక్కినది. ఇందుకు మేము సంతోషించుచున్నాము.

కావున శ్రోతలకు మా మనవి యిది. ‘డెల్టా క్రీమ్’ను తప్పక వినుడు. కాని ముందుగా కింబ్రో 1992 నాటి ఆల్బము ‘ఆల్ నైట్ లాంగ్’ను వినుడు, తరువాత ఈ జంటను, ఆ తరువాత సెడ్రిక్‌ను వినుడు. ఈ వరుసలో విన్నచో ఒకే పాట తాతనుండి మనుమనికి, ఊరినుండి పరాయివానికి ఎట్లు నడచినదో మీ చెవియే మీకు చెప్పును.