హెల్సింకి నగరము



కొన్ని నగరములు తమంత పెరుగును. కొన్ని రాజాజ్ఞచే వెలయును. ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకి రెండవ తెగలోనిది. 1550లో స్వీడను రాజు గుస్తావు వాసా దానిని వర్తకమునకై స్థాపించెను. 1809లో ఆ దేశము రష్యా చక్రవర్తి వశమయ్యెను. స్వీడనునకు చేరువనున్న తుర్కు పట్టణమునుండి 1812లో ఆయన రాజధానిని హెల్సింకికి మార్చెను. అంతకు నాలుగేండ్లు ముందే ఆ చిన్న యూరు అగ్నిపాలై చాల నష్టపడియుండుటచే వీథులు క్రొత్తగా తీర్చుట సులభమయ్యెను.

ఎరెన్‌స్ట్రోమ్ అను నాతడు నగరపటమును గీసెను. బెర్లినులో పుట్టిన ఎంగెల్ మేడలను నిర్మించెను. సెనేటు మైదానమున నిలిచిచూచిన తూర్పున ప్రభుత్వభవనము, పడమట విశ్వవిద్యాలయము, ఉత్తరమున ఎత్తైన మెట్లపై తెల్లని చర్చి కనబడును. ఎంగెల్ 1840లో మరణించెను. చర్చి 1852లోగాని పూర్తికాలేదు. స్తంభములు గ్రీకులవే యైనను ఆడంబరము తక్కువ. నడిశీతకాలమున పగలు ఆరుగంటలైన నుండని చోట ఆ లేబసుపు గోడలు కంటి కెంత హాయియో!

1827లో తుర్కు తగులబడి, అచటి విశ్వవిద్యాలయ గ్రంథములు దాదాపుగా భస్మమయ్యెను. మరుసటియేడు విద్యాపీఠము హెల్సింకికి వచ్చెను. దానికై చర్చికి పడమటివైపున గ్రంథాలయమును రూపించినవాడును ఎంగెలే.

మైదానము నడుమ 1894నుండి రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు విగ్రహమున్నది. 1917లో ఫిన్లండు స్వతంత్రమయ్యెను. విగ్రహమును పడగొట్టుట యెంతసేపటి పని? అయినను వారు పడగొట్టలేదు. అర్ధశతాబ్దికి పైగా కూడని శాసనసభను 1863లో సమావేశపరచినవా డాతడే. మేలు మరువని జాతి!

తరువాతి కట్టడములలో ఆ జాతి స్వభావము బయటపడినది. సారినెన్ నిర్మించిన రైలుస్టేషను (1919) వాకిట రాతి పురుషులు దీపములు పట్టి నిలిచియుందురు. 1969నాటి యొక చర్చి కొండరాతిలో తొలిచినది. గోడలు చెక్కకయే విడిచిరి.

1931లో గ్రానైటు స్తంభములతో పార్లమెంటు భవనము వెలసెను. దాని కెదుటి స్థలము మిక్కిలి విలువైనది. స్వాతంత్ర్య శతవార్షికమునకై తలపెట్టి, 2018 డిసెంబరులో అచ్చట తెరచినది గ్రంథాలయము. పేరు ‘ఓది’, స్తుతిగీతమని యర్థము. పై యంతస్తున సుమారు లక్ష పుస్తకములు, క్రింద కుట్టుమిషనులును గలవు. గ్రంథాలయమున కుట్టుపని యేమని ముక్కున వ్రేలిడుకొనువా రుందురు. కుట్టవచ్చినవారు మేడయెక్కి పుస్తకములు చూడక మానుదురా? ఆ మేడమీది వసారానుండి ఎదుట పార్లమెంటు మెట్లు కనబడును. ప్రవేశమునకు రుసుము లేదు.