జట్టు వెనుక పిల్లవాడు
(కర్ణాటక రాయచూరు జిల్లా మట్మారిలో చేసిన స్మారకోపన్యాసం)



పిల్లలకు పాఠాలు చెబుతూ జీవితం గడిపిన మనిషి పేరు మీద మాట్లాడమన్నప్పుడు నాకు తోచింది ఒక పిల్ల రాసిన నవల. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో సూసన్ ఎలోయిస్ హింటన్ అనే అమ్మాయి హైస్కూల్లో ఉండగా, పదిహేనేళ్ల వయసులో ‘ది అవుట్‌సైడర్స్’ మొదలుపెట్టింది. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిది. మగపిల్లల కొట్లాటల గురించి ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు తేలిగ్గా తీసేస్తారేమోనని పుస్తకం మీద ఎస్.ఇ. హింటన్ అనే వేశారు.

ఊరు రెండుగా చీలి ఉంటుంది. తూర్పున గ్రీజర్లు. పేదింటి పిల్లలు, పొడుగు జుట్టుకు నూనె దట్టంగా పట్టించేవాళ్లు. పడమట సోష్‌లు. కార్లున్న ఇళ్ల పిల్లలు. కథ చెప్పేవాడు పోనీబాయ్, పద్నాలుగేళ్ల గ్రీజరు. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు. ఒక రాత్రి పార్కులో సోష్‌లు అతని తలను ఫౌంటెన్ నీళ్లలో ముంచి ఊపిరాడకుండా చేస్తుంటే, స్నేహితుడు జానీ కత్తి తీస్తాడు. బాబ్ అనే కుర్రాడు చచ్చిపోతాడు. ఇద్దరూ పారిపోయి కొండ మీది పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు.

ఆ చర్చిలో జరిగే ఒక చిన్న పని దగ్గర కాసేపు ఆగుతాను. జానీ అంగడికి వెళ్లి తిండితో పాటు ఒక పెరాక్సైడ్ సీసా తెస్తాడు. పోలీసులు గుర్తుపట్టకుండా జుట్టు కత్తిరించాలి, పోనీబాయ్ జుట్టు రంగు కూడా మార్చాలి. పోనీబాయ్ ఒప్పుకోడు. ప్రాణం మీదికొచ్చినా సులువుగా ఒప్పుకోడు. ఇంట్లో డబ్బు లేదు, తల్లి లేదు. వాడికంటూ ఉన్న ఆస్తి ఆ జుట్టే. జానీ తన మడతకత్తితోనే దాన్ని పరపరా కోసేస్తాడు. తర్వాత అద్దంలో చూసుకుంటే కనిపించేవాడు గ్రీజరు కాడు, భయపడ్డ చిన్నపిల్లవాడు. కటింగు షాపులో అద్దం ముందు మన పిల్లల పట్టుదల చూసినవాళ్లకు ఈ ఘట్టం వివరించి చెప్పనక్కర్లేదు. ఈ నవలలో నాకు అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. జట్టు పిల్లవాడికి ఇంట్లో దొరకని అండ ఇస్తుంది, బదులుగా వాడి ముఖాన్ని తీసేసుకుంటుంది. జట్టు వెనుక ఉన్న ఒక్కొక్క పిల్లవాణ్ణీ విడిగా చూడడమే ఈ నవల చేసిన పని.

అవతలి జట్టులో చెర్రీ అనే అమ్మాయి ఉంది. ఆమె తన ఇంటి నుంచి చూసే పొద్దుగుంకడం, పోనీబాయ్ తన పెరటి మెట్ల మీద కూర్చుని చూసేదీ ఒకటేనని ఇద్దరికీ తెలుస్తుంది. అయినా రేపు స్కూల్లో ఎదురుపడితే పలకరించకపోవచ్చు, ఏమీ అనుకోవద్దని ముందే చెప్పేస్తుంది. స్నేహం పుట్టగానే గోడలు కూలిపోయాయని రాయకపోవడం ఆ వయసు రచయిత్రికి ఎంత నిజాయితీ! బాబ్ స్నేహితుడు రాండీదీ అదే దారి. బాబ్‌కు ఇంట్లో ఒక్కనాడైనా ‘వద్దు’ అని చెప్పినవాళ్లు లేరని, కొట్టుకుంటే ఏదీ మారదని వాడికి అర్థమవుతుంది.

ఇక పెద్దన్న డ్యారీ. వయసు ఇరవై. కాలేజీ వదులుకుని, ఇళ్ల కప్పులు వేసే కూలికి పోయి తమ్ముళ్లను సాకుతున్నాడు. భయంతో కసురుతాడు, ఒక రాత్రి చెయ్యి చేసుకుంటాడు. పోనీబాయ్ ఇల్లు వదిలి పార్కుకు పోయింది ఆ దెబ్బకే. మన ఇళ్లల్లో తండ్రి బాధ్యత నెత్తినేసుకున్న అన్నలు ఎంతమంది లేరు? నవలలో వీరుడెవరంటే నేను ఈయన్నే చూపిస్తాను.

చర్చి తగలబడినప్పుడు లోపల చిక్కుకున్న చిన్నపిల్లలను కాపాడబోయి జానీ నడుము విరుగుతుంది. చివరి పెద్ద కొట్లాటలో గ్రీజర్లే గెలుస్తారు. అదే రాత్రి ఆసుపత్రిలో జానీ చనిపోతాడు. అది తట్టుకోలేక గ్రీజర్లలో ఒకడైన డ్యాలీ, గుళ్లు లేని తుపాకీ పోలీసుల మీదికి ఎత్తి, వాళ్ల చేతిలో చస్తాడు. గెలుపు వల్ల ఎవరికి ఏం ఒరిగింది? మనకు 1989లో ‘శివ’ సినిమా వచ్చింది. కాలేజీ జట్ల గొడవను అంత బలంగా చూపిన తెలుగు సినిమా అంతకు ముందు లేదు. కానీ కుర్రాళ్లు దాన్నుంచి తెచ్చుకున్నది సైకిలు చైను. హింటన్ పుస్తకం మూసిన పిల్లవాడికి చేతిలోకి తీసుకోవడానికి ఏ ఆయుధమూ మిగలదు.

లోపమూ చెప్పాలి. అదే టల్సాలో 1921లో గ్రీన్‌వుడ్ అనే నల్లజాతివారి పేటను తెల్లవాళ్ల మూకలు తగలబెట్టాయి. ఆ పేట జాడ ఈ నవలలో లేదు. డబ్బు గీసిన గీత రచయిత్రికి కనిపించింది, రంగు గీసింది కనిపించలేదు. మనమూ జాగ్రత్తగా చదువుకోవాలి. మన దగ్గర వీధిని, దాంతో పాటు జట్టును కూడా చాలాసార్లు కులమే నిర్ణయిస్తుంది. వలస కూడా ఒక గీత గీసింది. తుంగభద్ర ఎడమకాలువ నీళ్లొచ్చాక కోస్తా రైతులు సింధనూరు, మాన్వి వైపు కట్టుకున్న ఊళ్లను నేటికీ క్యాంపులనే అంటాం. అక్కడే పుట్టిన మూడో తరం పిల్లవాడు కూడా కొందరి నోట ‘క్యాంపోడే’. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, కన్నడం తెలుగు ఉర్దూ కలిపి మాట్లాడుకునే ఈ జిల్లాలో పిల్లలకు గీతలు గీసి ఇచ్చేది పెద్దలమే.

నవల చివర, తరగతి తప్పకుండా ఉండాలంటే ఒక వ్యాసం రాసి తెమ్మని ఇంగ్లీషు మాస్టారు పోనీబాయ్‌కి చెబుతాడు. అతను రాసిందే ఈ నవల. అందుకే దీని మొదటి వాక్యమూ చివరి వాక్యమూ ఒకటే. తర్వాత 1980లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో దగ్గర లోన్‌స్టార్ స్కూలు పిల్లలు, లైబ్రేరియన్ కలిసి దీన్ని సినిమా తీయమని దర్శకుడు కొప్పోలాకు ఉత్తరం రాసి సంతకాలు పెట్టారు. ఆయన తీశాడు, 1983లో విడుదలైంది.

ఈ స్మారక నిధి నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. ఇప్పుడు నాకు చేసినట్టు శాలువా, సన్మానం ఖర్చు వచ్చే ఏడాది ఆపండి. ఆ డబ్బుతో ఇక్కడి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తలా ఒక నోటుబుక్కు కొనివ్వండి. తమ వీధి గురించి, తమకు పడనివాళ్ల వీధి గురించి కన్నడంలోనో తెలుగులోనో రాయమనండి. ఉపాధ్యాయులారా, వాటిని దిద్దేముందు దయచేసి చివరిదాకా చదవండి.