దాచుట వేరు, తొలగించుట వేరు

షామీర్‌పేట చేరువను బిట్స్ పిలానీ ప్రాంగణము 2008లో వెలసినది. మేడ్చల్ దారిని కండ్లకోయలో ఇంజనీరింగు కళాశాలలున్నవి. అచ్చట ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థులకు ఎదురగు చిక్కొకదానిని నేడు ముచ్చటింతము.

విద్యార్థి టైప్‌స్క్రిప్ట్‌లో ఒక ఫైలు వ్రాయును. కంపైలరు దానినుండి జావాస్క్రిప్ట్ ఫైలును పుట్టించును. ఎడిటరు పట్టికలో రెండును ఒకే పేరుతో, చివరి అక్షరములు మాత్రము వేరుగా, ప్రక్కప్రక్కన నిలుచును. తొందరలో రెండవదానిని దిద్దినచో, మరల కంపైలు చేయగనే ఆ శ్రమయంతయు తుడిచిపెట్టుకొని పోవును.

ఇందుకు ఉపాయము కలదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్‌లో ‘ఫైల్స్ ఎక్స్‌క్లూడ్’ అను అమరిక ఉన్నది. అదే పేరుగల టైప్‌స్క్రిప్ట్ ఫైలు ప్రక్కన ఉన్నపుడే జావాస్క్రిప్ట్ ఫైలును దాచవలెనని అందు నిర్దేశింపవచ్చును. చేతితో వ్రాసిన జావాస్క్రిప్ట్ ఫైళ్లు కనబడుచునే యుండును.

అయితే, దాగినది డిస్కులో ఉండనే యుండును. బ్రౌజరులో నడచునదియు అదియే. ఎడిటరులో వెదకినను మామూలుగా అది కానరాదు. గిట్ దానిని చేర్చుకొనకుండుటకు ‘గిట్ ఇగ్నోర్’ ఫైలులో వేరుగా వ్రాయవలెను. మూలమును దిద్దినను ఫలితము మారనిచో, దాగియున్న పాత ఫైలును ముందుగా అనుమానింపుడు. దానిని తీసివేసి మరల పుట్టించుకొనవచ్చును. మూలమును మాత్రము భద్రపరచుకొనుడని మా మనవి.