బిళ్ళ, బల్ల: దేహరక్షణ కథ

కాలి పుండు చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టిందంటాము. చలిజ్వరం నెలల తరబడి విడవకపోతే కడుపులో బల్ల పెరిగిందంటాము. నక్కపల్లి వంటి తీరపు ఊళ్ళలో మొదటి మాట వినని ఇల్లుండదు. నర్సీపట్నం దాటి మన్యమెక్కేవారికి రెండవ మాట తెలుసు. ఈ రెండింటినీ మనవారు రోగాల పేర్లుగానే ఎంచినారు. నిజానికి ఇవి రోగంతో పోరాడే అవయవాలు. బిళ్ళ అనేది వాచిన లింఫు గ్రంథి. బల్ల అనేది పెరిగిన ప్లీహం.

రక్తప్రసారానికి గుండె ఉన్నట్లు రోగనిరోధానికి ఒక్క అవయవమంటూ లేదు. ఆ బాధ్యత దేహమంతటా పంచబడి ఉన్నది. మొదటి అడ్డు చర్మం. దానిని దాటిన క్రిములను ఎదిరించే తెల్లకణాలు ఎముకలలోని మూలుగలో పుడతవి. వాటిలో కొన్ని పక్వం కాకముందే, రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథికి చేరి, తనదేదో పరాయిదేదో గుర్తించడం అక్కడ నేర్చుకుంటవి. స్వదేహాన్నే శత్రువుగా ఎంచే కణాలు చాలావరకు అక్కడే నశిస్తవి. చిన్నతనంలో పెద్దదిగా ఉండే ఈ గ్రంథి వయస్సుతోపాటు కుంచించుకొని పోతుంది. కనుక అది పనిలేని అవయవమని వైద్యలోకం చాలాకాలం భావించింది. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలలో దానిని తొలగించి చూడగా, అవి అంటురోగాలకు తట్టుకోలేకపోయినవి.

ఇట్లు తయారైన కణాలు కొలువుండే తావులు వేరు. ఎడమ పక్కటెముకల క్రిందనున్న ప్లీహం రక్తాన్ని వడపోస్తుంది. మలేరియా సోకిన ఎర్రకణాలను ఏరివేసే పని మితిమీరినప్పుడు అది పెరిగి బల్ల అవుతుంది. ఇక రక్తనాళాల నుంచి కండలోకి ఊరిన ద్రవంలో కొంత సన్నని నాళాలగుండా తిరిగి రక్తంలో కలుస్తుంది. అదే లింఫు. అది సాగే దారిలో గజ్జలు, చంకలు, మెడ మొదలైన చోట్ల చిక్కుడుగింజల వంటి గ్రంథులు దాదాపు 600 ఉన్నవి. క్రిమి ఆనవాలు అక్కడికి చేరగానే, దానిని గుర్తుపట్టగల కణాలు వేలకొలదిగా వృద్ధి పొందుతవి. ఆ వృద్ధియే బిళ్ళ. గొంతులోని టాన్సిల్సు, చిన్నప్రేగు గోడలోని ఇటువంటి కణజాలం ఆహారం వెంట, గాలి వెంట వచ్చే క్రిములను కనిపెట్టి ఉంటవి.

ఈ ఏర్పాటు భగ్నమైతే ఏమగునో మన కోస్తా జిల్లాలకు బోదకాలు చూపింది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్సు దోమ మోసుకొచ్చే పురుగు లింఫు నాళాలలోనే కాపురముంటుంది. దాని పిల్లలు రాత్రివేళ రక్తంలో సంచరిస్తవి. కనుకనే పరీక్షకు రాత్రిపూట రక్తం తీసేవారు. నాళాలు సాగి చెడిపోగా లింఫు నిలిచిపోతుంది. రక్షకకణాలు సరిగా నడవలేవు. వ్రేళ్ళ సందులలోని చిన్న పగులు నుంచి క్రిములు చొరబడి మాటిమాటికీ జ్వరం, వాపు తెస్తవి. కాలు లావెక్కడానికి ఈ జ్వరాలే ముఖ్యకారణం.

ఈ వ్యాధికి మందు కనిపెట్టిన ఘనతలో తెలుగువానికి భాగమున్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల 1947లో వెలువరించిన హెట్రజాన్ మాత్రయే నేటి డి.ఇ.సి. మనదేశంలో 1955లో ఫైలేరియా నిరోధక పథకం ఆరంభమైనది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాలలో ఈ మాత్రను ఊరందరికీ ఏటా పంచే పద్ధతి వచ్చింది. గర్భిణులకు, రెండేళ్ళలోపు శిశువులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు దీనిని ఇవ్వరు. ఆరోగ్యంగా ఉన్నాము, మాకెందుకనరాదు. పురుగు ఏళ్ళ తరబడి బయటపడకుండా ఉండగలదు.

మాత్ర పురుగు పిల్లలను నశింపజేయును గాని, చెడిన నాళాన్ని మరల నిర్మించదు. కాబట్టి వాచిన కాలిని రోజూ సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తున పెట్టుకోవాలి. బిళ్ళ కట్టినప్పుడు వాతలు పెట్టడం, నలపడం కూడదు. వాత పుండై క్రిములకు మరొక ద్వారం తెరుస్తుంది. ముందు పుండు ఎక్కడున్నదో వెదకండి. నొప్పి లేకపోయినా మెడలో వారాల తరబడి నిలిచిన బిళ్ళ క్షయ కావచ్చును. తప్పక వైద్యునికి చూపండి. బిళ్ళ మనకొక కబురు తెస్తున్నది. కబురు తెచ్చినవానిని కాల్చడం న్యాయం కాదు.